అడుగుట, అడుగుకొనుట: జీతము పెంపు కోరు వాక్యమును గూర్చి

తెలుగున 'అడుగు' ధాతువునకు 'కొను' చేరినంతనే అడిగినవాని అంతస్తు మాఱిపోవును. 'ఆయన బియ్యము అడిగినాడు' అన్నచో అతడు కొనవచ్చినవాడు కావచ్చును, పొరుగింటివాడు కావచ్చును, తన పాలు తీసికొనిపోవచ్చిన భూస్వామియు కావచ్చును. 'ఆయన బియ్యము అడుగుకొన్నాడు' అన్నచో అతని భుజమున జోలె కనబడును. క్రియాఫలము కర్తకే చెందునపుడు 'కొను' అనుప్రయుక్తమగునని వ్యాకర్తలు చెప్పిన మాట నిజమే. వండుకొనువానికిని చదువుకొనువానికిని దానివలన కలిగిన లోటేమియు లేదు. కాని క్రిందివాడు పైవానితో మాటలాడునపుడు మాత్రము ఈ 'కొను' వేఱొక పని చేయుచున్నది. వేడుకొనుట, విన్నవించుకొనుట, మనవి చేసికొనుట, మొఱపెట్టుకొనుట, ఇవన్నియు క్రిందినుండి పైకి పోవు మాటలు. పైనుండి క్రిందికి వచ్చు మాటలకు 'కొను' అంటదు. ఆజ్ఞాపించుకొనుట లేదు, సెలవిచ్చుకొనుట లేదు.

తాను పనిచేయు చోట జీతము పెంచుమని కోరదలచినవాడు ఈ రెండు క్రియలలో దేనిని వాడవలెనన్నది మా ప్రశ్న. ఇది సాహిత్య విమర్శకు తగిన ప్రశ్నయేనా యని సందేహింపవచ్చును. శాసనములలోని దానవాక్యములను అక్షరమక్షరముగా పరిశీలించిన మన పరిశోధకులు, ఇచ్చినవాని వాక్యమునకు చూపిన శ్రద్ధ అడిగినవాని వాక్యమునకు చూపలేదు. ఇచ్చినవాడు రాతిమీద చెక్కించినాడు, అడిగినవాడు కాగితముమీద వ్రాసినాడు, కాగితము చెదలుపట్టినది. అయినను లక్షలమంది జీవితములో ఒక్కసారియైనను ఎంతయో ఆలోచించి, దిద్ది, తిరుగవ్రాసిన వచనము ఏదియైనను కలదన్నచో అది ఈ విన్నపమే. ఒక ముద్దకూడు, ఒక మనుష్యుని తలయెత్తుబడి, ఈ రెండును దాని వాక్యనిర్మాణముపై ఆధారపడియున్నవి.

మా పెద్దతండ్రిగారు విశాఖపట్టణమున ఓడసరకు విడిపించు ఒక ప్రైవేటు కంపెనీలో గుమాస్తాగా నుండిరి. వారి కాగితముల కట్టలో ఒకే విన్నపమునకు మూడు చిత్తుప్రతులు మాకు దొరకినవి. తేదీ లేదు. కాని మొదటి దానిలో ఇంటిఖర్చు లెక్క అణాలలో మొదలై, కొట్టివేయబడి, నయాపైసలలో తిరుగ వ్రాయబడియుండుటచే 1957 ఏప్రిలు పిమ్మట కొద్ది నెలలలో వ్రాసినట్లు ఊహింపవచ్చును. పాఠపరిష్కర్తల వాడుక ననుసరించి వీనిని క, ఖ, గ ప్రతులందము.

క ప్రతి అయిదు పంక్తులు. పదునొకండేండ్ల నౌకరీ, నెలకు 72 రూపాయల జీతము, ఇంతకుముందు ఇద్దఱు చేయు బిల్లుల పని ఇప్పుడు తానొక్కడే చేయుట, కావున 85 రూపాయలు ఇప్పింపవలెనని 'కోరుచున్నాను'. ఖ ప్రతి పదునెనిమిది పంక్తులకు పెరిగినది. ఇద్దఱి పనిని గూర్చిన వాక్యము పోయినది. దాని స్థానమున నలుగురు పిల్లలు, మంచముపట్టిన తల్లి, ఇంటి అద్దె వచ్చి చేరిరి. 85 అను అంకె 'ఏదో కొంత'గా మాఱినది. 'కోరుచున్నాను' అనునది 'కోరుకొనుచున్నాను' అయినది. గ ప్రతిలో 72 కూడ లేదు. పిల్లలు సైతము వెనుకకు తగ్గిరి. పేజీ నిండ దొరవారి ధర్మగుణము, వారి పూర్వుల కీర్తి. ఆరంభమున 'సాష్టాంగముగా నమస్కరించి వ్రాసికొన్న విన్నపము' అని కలదు. పూర్వము జాబు వ్రాసెడివారు. అర్జీ మాత్రము వ్రాసికొనెడివారు!

క ప్రతిలో హేతువు పని. ఖ ప్రతిలో హేతువు లేమి. గ ప్రతిలో హేతువు యజమాని మంచితనము. పంపబడినది గ ప్రతియే. ఆ దీపావళికి అయిదు రూపాయల మామూలు వారి చేతికి వచ్చినదనియు, జీతము 72 గానే నిలిచినదనియు మా ఇంట చెప్పుకొనుట వినియున్నాము. ఆ కంపెనీవారిని తప్పుపట్టుటకు మాకు మనసొప్పదు. కోరినదానినే వారిచ్చిరి. గ ప్రతిలో కోరబడినది దానమే గదా!

అంత తెలివిగల మనుష్యుడు, మంచి వాక్యముతో ఆరంభించి చెడ్డ వాక్యమునకు ఏల దిగజాఱెను? భయమొక్కటియే కారణమని మేమనుకొనము. మంచి వచనమనగా ఏమో ఆయనకు మన కావ్యములు నేర్పినవి. ఆయనకు పోతన భాగవతము కంఠస్థము. దశమస్కంధమున కుచేలుడు భార్య పంపగా బయలుదేరి, అటుకులు మూటగట్టుకొనిపోయి, శ్రీకృష్ణుని ఎదుట కూర్చుండి, అడుగవచ్చిన మాట అడుగకయే తిరిగివచ్చును. ఇంటికి వచ్చుసరికి సంపద ఆయనకంటె ముందే వచ్చియుండును. భక్తికి ఇంతకుమించిన కథ లేదు. కాని దీనిని ఉద్యోగమునకు అన్వయించినవాడు చెడినాడు. అడుగకయే ఎఱిగి యిచ్చువాడు ప్రభువు, అడుగక యుండువాడు యోగ్యుడు అను సంస్కారము మన గుమాస్తాల కలములలో సిరావలె నిండియున్నది. 'అడుగనిదే అమ్మయైనను పెట్టదు' అని ఇంటిలో ముసలమ్మలు చెప్పిన మాట కచేరి గుమ్మము దాటి లోనికి పోలేదు.

భారతమున దీనికి భిన్నమైన దృష్టాంతము కలదు. ఆదిపర్వమున ద్రోణుడు దారిద్ర్యముచే పీడితుడై పాంచాలరాజగు ద్రుపదుని కడకు పోవును. బాల్యమున సహాధ్యాయులము, చెలికాండ్రము అను చనువుతో పోవును. రాజునకును పేదకును చెలిమియేమని ద్రుపదుడు త్రోసిపుచ్చును. ఇచ్చట జరిగినది ఒక సర్వనామముమీది తగవు. తెలుగు మాటలాడువారికిది చప్పున తెలియును. ద్రోణుడు 'మనము' అన్నాడు. ద్రుపదుడు 'మేము, మీరు' అన్నాడు. సంస్కృతమున ఈ భేదము లేదు, 'వయమ్' ఒక్కటియే. ఎదుటివానిని కలుపుకొను 'మనము', ఎదుటివానిని ఆవల నుంచు 'మేము' అను రెండు మాటలు ద్రావిడభాషల సొత్తు. జీతముల చరిత్ర యంతయు ఈ రెండు మాటల నడుమ నడచినదని మా అభిప్రాయము. దానికి మరల వత్తుము.

వామనుడు మాత్రము అంకెతో అడిగినాడు. మూడడుగులు! అయితే ఆ మూడు పిదప ఎంతైనదో అందఱకును తెలిసినదే. జీతము పెంపు వినతిని చూచినంతనే యజమాని ప్రక్కనుండువారు శుక్రాచార్యులవలె కన్నులు చికిలించుటకు ఇదియొక కారణమేమో.

వాస్తవమైన బేరమును మన సాహిత్యమున చూపినది ఉద్యోగపర్వమే. అర్ధరాజ్యము న్యాయముగా రావలసినది. అది కానిచో అయిదూళ్లు చాలునని ధర్మరాజు దిగివచ్చుట, సూదిమొన మోపినంత నేలయు ఈయనని దుర్యోధనుడు బిగిసికొనుట. హక్కు ఎంత, ఒప్పుకొనదగినది ఎంత, కాదన్నచో ఏమగును అను మూడు సంగతులను వేఱువేఱుగా చెప్పిన ఘట్టమిది. తిరుపతి వేంకటకవుల ఉద్యోగ విజయములు నాటకములై ఊరూర ఆడినందున, అక్షరము రానివారికి సైతము ఆ మూడు మెట్లును తెలిసినవి. కార్మికనాయకులు యాజమాన్యముతో మాటలాడబోవుటను నేటికిని జనులు 'రాయబారము' అనుట ఉపమగా మిగిలిన పాండిత్యము కాదు. అది వారు నేర్చిన పాఠము.

జీతము అను మాటను గూర్చి ఒక్క సంగతి. ఇది జీవిత శబ్దభవమని నిఘంటుకారులు చెప్పుదురు. బ్రదుకుటకు ఇచ్చునది జీతము. పనికి ప్రతిఫలమను అర్థము ఈ మాట పుట్టుకలో లేదు. కూలి యను మాట వేఱు. అది దినమునకో, మూటకో, కొలతకో ముడిపడినది. కావుననే కూలివాడు అంకె పలికినంత నిస్సంకోచముగా జీతగాడు పలుకలేడు. రేవులో మూటలు మోయువాడు 'ఇంతకైతే ఎత్తుదును, లేకున్న లేదు' అనగలడు. లోపల ఫ్యానుక్రింద ఆ మూటల లెక్క వ్రాయు గుమాస్తా ఆ మాట అనలేడు. మఱియొక ప్రక్క మన లోకోక్తి, జీతము బత్తెము లేకుండ తోడేలు మేకలను కాచెదనన్నదట యని హెచ్చరించుచున్నది. జీతమడుగని సేవకుని నమ్మరాదను ఈ మాట యజమానులకు చెప్పిన నీతి. అడుగుట సేవకుని నిజాయితీకి గుర్తు అని దీని తాత్పర్యము. ఇంత మంచి వాదమును ఏ అర్జీలోను వాడిన జాడ లేదు.

ఆధునిక కవిత్వము ఈ లోటును తీర్చినదా? విశాఖపట్టణముననే పుట్టిన శ్రీశ్రీ శ్రమజీవికి కావ్యగౌరవమిచ్చినాడు. 'మహాప్రస్థానము' నందలి 'ప్రతిజ్ఞ'లో శ్రామికుని స్వేదము అమూల్యమను భావమును ప్రతిష్ఠించినాడు. ఆ గేయము విని ఒడలు పులకింపని తెలుగువాడుండడు. కాని అమూల్యమను భావమునకు రెండంచులు కలవు. వెలకట్టరానిది అమూల్యము, వెల లేనిదియు అమూల్యమే. వెలకట్టుమనియే గదా జీతగాడు అడుగవచ్చినది! శ్రమను ఆకాశమున కెత్తిన కవిత్వము క్రిందనున్న గుమాస్తాకు 72 ను 85 గా మార్చు వాక్యమును ఈయలేదు. ఇది శ్రీశ్రీ లోపమని చెప్పుట మా ఉద్దేశము కాదు. గేయమును అర్జీగా పంపుకొనలేము, అంతియే.

ఆ వాక్యము లేకపోవుటవలన కలుగు దుర్గతిని చూపినది కథారచయితలు. శ్రీ రాచకొండ విశ్వనాథశాస్త్రిగారు విశాఖలో న్యాయవాది. 1950 దశకమున వెలువడిన వారి 'అల్పజీవి' నవలలో సుబ్బయ్య ఒక కార్యాలయ గుమాస్తా, మిక్కిలి పిఱికివాడు. బావమరది వెంకట్రావు ఒత్తిడిచే గవరయ్యయను కంట్రాక్టరు కడ అప్పు చేయును. నవలయంతయు ఆ అప్పు చుట్టును సుబ్బయ్య మనసులో తిరుగు భయమే. జీతము పెంపు దీని కథావస్తువు కాదు. అయినను మేము దీనిని ఇచ్చట తలచుటకు హేతువున్నది. కార్యాలయమునకు పనిమీద వచ్చు కంట్రాక్టరు నడుగుట సుబ్బయ్యకు సాధ్యమైనది. తన కష్టమునకు ఎక్కువ యిండని అడుగుట యను ఆలోచనకు అతని లోకములో తావే లేదు. న్యాయమార్గమున అడుగ నోరాడనివాడు ప్రక్కదారిని అడుగును, అడిగి లోబడును. లంచమును నీతిలోపముగా మాత్రమే చూచు విమర్శకులు సుబ్బయ్య నోటికి పడిన తాళమును గమనింపలేదు. చైతన్యస్రవంతి పద్ధతికి ఉదాహరణగా ఈ నవలను పాఠము చెప్పుట మా శాఖలన్నిటను పరిపాటి. కాని ఆ స్రవంతి లోపలనే ఏల తిరుగుచున్నది, బయటికి ఏల రాదు అన్నది అడుగవలసిన ప్రశ్న. బయటికి వచ్చుటకు అతనికి వాక్యము లేదు.

శ్రీ కాళీపట్నం రామారావుగారు విశాఖలో ఉపాధ్యాయులుగా చిరకాలము పనిచేసిరి. 1966లో 'యువ' పత్రికలో వెలువడిన వారి 'యజ్ఞము' సుందరపాలెమను పల్లెలో జరిగిన అప్పుతగవు. అప్పల్రాముడు షావుకారుకు బాకీ. శ్రీరాములునాయుడు ధర్మము తప్పని తీర్పరి. పంచాయతీలో పత్రములన్నియు ఒక ప్రక్క, అప్పల్రాముని కుటుంబపు ఏండ్లకొలది చాకిరి ఒక ప్రక్క. ఊరు బాగుపడినది, రోడ్లు వచ్చినవి, బడి వచ్చినది. మా కష్టము ఎచ్చటికి పోయినదను అతని ప్రశ్న ఋణవ్యాజ్యమును శ్రమవ్యాజ్యముగా మార్చివేయును. ఇది క ప్రతి వాదమే. హేతువు పని. కాని సభ దానిని విన్నది గాని లెక్కలోనికి తీసికొనలేదు. ధర్మము పత్రమునకే మ్రొగ్గినది. తుదకు సీతారాముడు తన బిడ్డను తానే చంపుట ఆ వాదము తీసికొనబడకపోవుట యొక్క ఫలము. ముగింపు కఠోరమని, అసహజమని వాదించినవారున్నారు. ఎంత చక్కగా చెప్పినను విననవసరము లేని స్థానమున వినువాడు కూర్చుండియున్నప్పుడు, ఆ ముగింపు రచయిత కల్పించినదనుటకంటె సభ కల్పించినదనుట సమంజసము.

ఈ రెండు రచనలలోను అడుగువాడు ఒంటరి. అప్పల్రాముని వెనుక కుటుంబమున్నది గాని అతనివంటి పదిమంది లేరు. ఇట నుండి మేము పల్లె విడిచి రేవునకు పోవలసియున్నది.

విశాఖ రేవు 1933 అక్టోబరున ఓడలకు తెఱవబడినది. 1941లో సింధియావారి నౌకానిర్మాణశాలకు శంకుస్థాపన జరిగి, 1948 మార్చిలో 'జలఉష' నీట దిగినది. కార్మికసంఘముల చట్టము 1926 నాటిది; పారిశ్రామిక వివాదముల చట్టము 1947 నాటిది. ఈ చట్టముల నీడలో ఒక క్రొత్త వచనము పుట్టినది. దానిని పుట్టించినవారిలో కవులు లేరు. సంఘకార్యాలయములలో రాత్రిపూట బల్లచుట్టు కూర్చుండి కోర్కెల పత్రములను వ్రాసిన పేరులేని కార్యకర్తలు దాని కర్తలు. దీని లక్షణములలో మొదటిది 'నేను' పోయి 'మేము' వచ్చుట. వ్యాసకర్తలమగు మేమును 'మేము' అనుచున్నాము. కాని మా 'మేము' వినయము పేరిట చెల్లు ఒకానొక డాంబికము. దానికి ఖర్చు లేదు. రేవులో ఆ మాట పలికినవానికి నాటి కూలి పోవచ్చును.

రెండవ లక్షణము అంకె సిగ్గువిడుచుట. దీనికి చక్కని నిదర్శనము కరువు భత్యము. రెండవ ప్రపంచయుద్ధకాలమున ధరలు మండినపుడు విరివిగా వ్యాపించిన ఈ చెల్లింపునకు తెలుగువారు పెట్టిన పేరు చూడుడు. కరువు! డొక్కలకరువు జ్ఞాపకమింకను చెరగని నేలమీదనే ఆ మాట పుట్టును. ఖ ప్రతిలోని పిల్లలు, తల్లి, అద్దె, ఇవన్నియు ధరల సూచికలో చేరి ఒక సంఖ్యగా మాఱినవి. ఆ మార్పుతో లేమికి యాచనతో పొత్తు వీడినది. సూచిక ఇన్ని పాయింట్లు పెరిగినది గనుక ఇంత రావలెనను వాక్యమున ఎవని బిడ్డ ఆకలియు ప్రదర్శింపబడదు. తెలుగు వచనచరిత్రలో దీనిని ఒక మలుపుగా గుర్తింపవలెనని మా ప్రార్థన. (ప్రార్థింపక తప్పనిది మాకును!)

మూడవది క్రియ. ప్రజోపయోగ సేవలలో సమ్మెకు ముందుగా నోటీసు ఈయవలెనని 1947 చట్టము విధించినది. నోటీసు 'ఇత్తురు', 'ఇచ్చుకొనుట' లేదు. ఇన్ని శతాబ్దములకు పనివాడు యజమానికి పంపు కాగితమునుండి 'కొను' రాలిపోయినది. పూర్తిగా రాలిపోయినదని చెప్పజాలము. పత్రికలు నేటికిని 'కోర్కెలు' అనియే వ్రాయును. కోరికకు అంటిన ఆశ వాసన పోగొట్టుటకై దాని ముందు ప్రతిసారియు 'న్యాయమైన' అను విశేషణము తగిలించును. 2024 ఆగస్టు 28 నుండి దేశమందలి పెద్ద రేవుల కార్మికులు తలపెట్టిన సమ్మె ముందునాటి ఒడంబడికతో ఆగినది. 8.5 శాతము పెంపు, 2022 జనవరి 1 నుండి వర్తింపు. ఈ పంక్తిలో అలంకారము లేదు, సాష్టాంగము లేదు. మా పెద్దతండ్రిగారి క ప్రతికి ఇది దగ్గఱి చుట్టము.

యజమాని పక్షమున ఈ 'మేము'నకు ఎదురుపడు మాట 'మనము'. మన కంపెనీ, మనమందఱము ఒక కుటుంబము, మన కష్టకాలము. ద్రోణుడు పేదగా పలికిన మాటను ఇపుడు ద్రుపదుడు పలుకుట చూడుడు. లాభము పంచునపుడు ఈ 'మనము' వినబడుట అరుదు. జీతము అడిగినపుడు తప్పక వినబడును. కార్మికుడు 'మేము' అన్నంతనే అతడు కుటుంబమును చీల్చినవాడగును. అయితే ఆ 'మనము' నెల్లప్పుడును బూటకమనుటయు సాహసమే. విశాఖలోనే దానికి ఎదురు సాక్ష్యమున్నది.

'విశాఖ ఉక్కు, ఆంధ్రుల హక్కు'. 1966 నాటి ఉద్యమమున ఊరూర మ్రోగిన ఈ నినాదమును ఛందోదృష్టితో చూచిన, ద్విత్వకకారప్రాస దానిని నాలుకపై నిలిపినదని తెలియును. వ్యాకరణదృష్టితో చూచిన ఇంకను విశేషము. ఇందు క్రియ లేదు. ఈయుడు, ఇప్పింపుడు, కోరుచున్నాము అను మాటలేవియు లేవు. తెలుగున క్రియ లేని వాక్యము వస్తుస్థితిని చెప్పును. ఇది మా ఇల్లు అన్నట్లు. అడుగుటను ఈ వాక్యము దాటిపోయినది. ఆ పోరాటమున 32 మంది ప్రాణములు కోల్పోయిరి. 1970 ఏప్రిలు 17న కేంద్రప్రభుత్వము కర్మాగారమును ప్రకటించినది; 1971 జనవరి 20న శంకుస్థాపన జరిగినది. నినాదము పలికినవారిలో అత్యధికులు ఆ కొలిమి మంట చూడకయే యుందురు. వారి 'మనము' ఇంకను పుట్టని కార్మికులను సైతము కలుపుకొన్నది.

2021 జనవరి 27న ఆ కర్మాగారమునందలి వాటాలన్నిటిని విక్రయింప కేంద్రమంత్రివర్గ సంఘము సూత్రప్రాయముగా నిర్ణయించినప్పుడు కార్మికులకు కలిగిన భాషాసంకటము మా విషయమునకు మిక్కిలి ముఖ్యమైనది. 2017 జనవరి నుండి జరుగవలసిన వేతన సవరణను గూర్చి వారు 'మేము' అని వాదించుచుండిరి. కర్మాగారమే చేజాఱునన్నపుడు ఊరినెల్ల కలుపుకొని 'మనము' అనవలసివచ్చినది. పాత నినాదము తిరిగి గోడల కెక్కినది. 'మేము' అన్న నోటనే 'మనము' అన్నచో, జీతము మాట ఎత్తుట స్వార్థముగా తోచును. ఎత్తకున్న ఇల్లు గడవదు. ఈ ఇరుకునుండి పుట్టిన కరపత్రములను, ఉపన్యాసములను ఎవరైనను సేకరించి పదిలపఱచిన, మన శాఖలో ఒక పరిశోధకునకు అయిదేండ్ల పని దొరకును. శతకముల మీద ఇరువదవ సిద్ధాంతగ్రంథముకంటె అది మేలు.

ఋషికొండ కంప్యూటరు కార్యాలయములలో పనిచేయు మా పూర్వవిద్యార్థులను ఈ విషయమై ప్రశ్నించితిమి. వారు జీతము పెంపును 'హైక్' అందురు. దానిని అడుగు ఋతువును 'అప్రైజల్' అందురు. తెలుగున ఎట్లు అడుగుదురనగా నవ్విరి. ఏటికొకసారి ఒంటరిగా, మూసిన గదిలో, ఆంగ్లమున అడుగుదురు. 'నేను' తిరిగివచ్చినది. ఒక అమ్మాయి మాత్రము, అడుగవలసిన మాటలను ముందునాటి రాత్రి ఇంట అమ్మ ఎదుట తెలుగుననే చెప్పి చూచుకొందునని చెప్పినది. ఏమని చెప్పుదువని అడిగితిమి. చేసిన పనుల పట్టిక మొదట, అంకె తరువాత, అంతటితో ఊరకుందునన్నది.

మా పెద్దతండ్రిగారి క ప్రతిని ఆమెకు చూపితిమి. చదివి, ఇందులో దిద్దవలసినది ఏమియు లేదే, ఎందులకు మార్చిరని అడిగినది. ఆ కాగితము వెనుక వైపున ఆయన చేతివ్రాతతోనే ఆ నెల కిరాణా పద్దు వ్రాసియున్నది. మొత్తము 31 రూపాయల 40 నయాపైసలు.